మణెమ్మ గుప్పెడు బియ్యం

చర్చివాళ్ళ శుక్రవారం కూటాల జాబితా వాట్సాప్‌లో వచ్చినప్పుడు సంజీవరావు దాన్ని మూడుసార్లు చదివాడు. మొదటిసారి కళ్ళజోడు లేకుండా, రెండోసారి కళ్ళజోడు పెట్టుకుని, మూడోసారి ఫోను మీద రెండు వేళ్ళు పెట్టి అక్షరాలు పెద్దవి చేసుకుని. మార్చి నుంచి జూన్ దాకా పదిహేడు శుక్రవారాలు, పదిహేడు ఇళ్ళు. భవానీపురంలో ఆ చర్చికి వచ్చే కుటుంబాలన్నీ ఉన్నాయి. మొన్న క్రిస్మస్‌కి కొత్తగా చేరినవాళ్ళ పేరు కూడా ఉంది. ఆయన పేరు లేదు.

శుక్రవారం కూటమంటే ఏమిటో తెలియనివాళ్ళకి కాస్త చెప్పాలి. వారానికొక ఇంట్లో సాయంత్రం ఆరున్నరకి అందరూ చేరతారు. పాటలు, ప్రార్థన, పాస్టరు చెప్పే బైబిలు వాక్యం, ఆ తర్వాత భోజనం. వాక్యం కోసమే వస్తామని అందరూ అంటారు. కాదని మనం అనలేం గానీ, మణెమ్మ వంతు వచ్చిన శుక్రవారం మాత్రం వాక్యం ఛాయలకి రానివాళ్ళు కూడా చెప్పులు విప్పుకుని వచ్చి కూర్చునేవాళ్ళు.

మణెమ్మ సంజీవరావు భార్య. ముప్ఫై నాలుగేళ్ళు కూటాలకి ఆమె వండి పెట్టినవి అవే నాలుగు: దోసకాయ పప్పు, వంకాయ ఎండురొయ్యలు, గోంగూర పచ్చడి, గడ్డపెరుగు. మిగతా ఇళ్ళలో బిర్యానీ పార్సిళ్ళు మొదలైనా ఆమె మారలేదు. "మన ఇంట్లో ఏం పెడతామో వచ్చేవాళ్ళకి దారిలోనే తెలిసిపోవాలండీ. అప్పుడే ఆకలేస్తుంది" అనేది. వాళ్ళకి పిల్లలు లేరు. ఆ దిగులుతో మొదటి పదేళ్ళు ఏడ్చారు, తర్వాత మానేశారు. కూటం రోజున ఆమె వంటింట్లో, ఆయన హాల్లో. ఆయన పనల్లా స్టీలు జగ్గు పట్టుకుని "నీళ్ళు, నీళ్ళు" అంటూ వరసల మధ్య తిరగడమే.

పోయిన జూలైలో ఒక బుధవారం మధ్యాహ్నం మణెమ్మ గుండెలో ఏదో పట్టేసినట్టుందని కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు.

జాబితా తయారు చేసింది ఏంజెల్. బ్యాంకులో పని చేస్తుంది, స్త్రీల సమాజానికి కార్యదర్శి, మంచిపిల్ల. ఆయన ఫోను చేశాడు.

"ఏంజెలమ్మా, లిస్టులో మా ఇల్లు పడలేదేంటమ్మా?"

"పడకపోవడం కాదు అంకుల్, మేమే తీసేశామండీ. ఒక్కరే ఉంటున్నారు కదా, మీకెందుకండీ ఈ స్ట్రెయిను? మీరు హాయిగా అందరిళ్ళకీ రండి, భోంచెయ్యండి, వెళ్ళండి. ఇన్నేళ్ళు పెట్టారు, ఇప్పుడు మేం పెడతాం."

'హాయిగా' అన్న మాట దగ్గర ఆయనకి ఒళ్ళు మండింది. పాపం ఆ పిల్ల తప్పేం లేదు. కానీ దయ కూడా ఒక్కోసారి మొహం మీద తలుపేసినట్టే ఉంటుంది.

"నాకు వంట వచ్చమ్మా. మా ఇంట్లో కూటం పెట్టు. భోజనం ఉంటుంది" అన్నాడు.

భోజనం ఉంటుందన్నది నిజం కావాలనుకున్నాడు గానీ వంట వచ్చన్నది పచ్చి అబద్ధం. ఎనిమిది నెలలుగా ఆయన తిండి వీధి చివర కర్రీ పాయింటులో. అక్కడి అమ్మాయి మొదటి రోజు "ఒక్కరికేనాండీ?" అని అడిగింది. ఇప్పుడు అడగడం మానేసి, ఆయన మలుపు తిరగ్గానే ఒక అన్నం, ఒక కూర, ఒక సాంబారు కవర్లలో కట్టేస్తోంది. ఆ కవర్ల ముడులు విప్పడం ఆయనకి చేతకాదు. కత్తెరతో కోసుకుంటాడు. టీవీ పెట్టుకుని, వార్తలవాళ్ళు అరుచుకుంటుంటే వాళ్ళ ఎదురుగా తింటాడు. ఇంట్లో తనది కాని గొంతు అదొక్కటే.

ఏంజెల్ కాసేపు తటపటాయించి, మార్చి నెల ఆఖరి శుక్రవారం ఖాళీ చేసి ఇచ్చింది. ఫోను పెట్టేశాక సంజీవరావుకి భయం వేసింది. ఈ ఒక్క కూటం సరిగ్గా జరిగితే జూలై జాబితాలో అడక్కుండానే తన పేరుంటుంది. జరక్కపోతే, నలుగురూ వచ్చి అన్నం తినే ఇళ్ళలోంచి ఆ ఇల్లు శాశ్వతంగా పోతుంది. అప్పుడది ఒక ముసలాడు పడుకునే చోటు, అంతే.

ఇంకో సంగతి ఉంది. అది ఎవరికీ చెప్పలేదు.

వంటింటి అరలో బియ్యం డబ్బా పక్కనే ఒక చిన్న రేకు డబ్బా ఉంటుంది. అది దేవుడి డబ్బా. ఆ చర్చి ఆడవాళ్ళు అన్నానికి బియ్యం కొలిచిన ప్రతిసారీ, కడిగే ముందే అందులోంచి ఒక గుప్పెడు తీసి విడిగా వేస్తారు. ఇంట్లో ఎంత ఇబ్బంది వచ్చినా ఆ బియ్యం ముట్టుకోరు. ఆదివారం సంచిలో పోసి తీసుకెళితే, సంఘం తరఫున ఇల్లిల్లూ తిరిగి ప్రార్థన చేసే బైబిలు స్త్రీ దానమ్మ చర్చి గుమ్మం దగ్గర గోనెపట్టా మీద కూర్చుని అందుకుంటుంది. అవి లేనివాళ్ళ ఇళ్ళకి వెళతాయి. దానమ్మకి డెబ్భై దాటాయి. సంచి చేతిలోకి తీసుకుంటే చాలు, ఎవరి గుప్పెడు ఎంతో చెప్పేస్తుంది. "ఏంటే, ఈ వారం పిడికిలి మరీ బిగించావ్?" అని కొత్తకోడళ్ళని నలుగురిలోనే అడిగేస్తుంది.

మణెమ్మ చివరి రోజుల్లో మోకాళ్ళు వాచి, మూడు ఆదివారాలు మెట్లు దిగలేకపోయింది. "ఏవండీ, ఆ గుప్పెడు బియ్యం కాస్త దానమ్మగారి చేతిలో పెట్టి రారూ" అని మూడుసార్లూ అడిగింది. ఆడవాళ్ళ వరసలో బియ్యం సంచి పట్టుకుని నిలబడ్డానికి ఆయనకి సిగ్గు. "వచ్చే వారం నువ్వే తీసుకెళ్దువు గానీలే" అన్నాడు, మూడుసార్లూ. ఆమె పోయేనాటికి డబ్బా మూడొంతులు నిండి ఉంది.

సమాధి కార్యక్రమాలన్నీ అయ్యాక దానమ్మ మెల్లగా అడిగింది. "సంజీవీ, మణెమ్మ బియ్యం ఇంట్లో ఉండిపోయాయేమో చూడు నాయనా. దేవుడివి, మన దగ్గర పెట్టుకోకూడదు."

"వచ్చే వారం తెస్తానండి."

అప్పటినుంచి ప్రతి ఆదివారం అదే ప్రశ్న, అదే జవాబు. ఇప్పుడు అడ్డొస్తున్నది సిగ్గు కాదు. మణెమ్మ చీరలు ఆమె అక్కచెల్లెళ్ళు గుర్తుగా తీసుకెళ్ళారు. ఆమె పెట్టిన ఆవకాయ డిసెంబరులో అయిపోయింది. జాడీ అడుగున నూనె కూడా అన్నంతో తుడుచుకుని తినేశాడు. ఇక ఇంట్లో ఆమె చేత్తో పెట్టింది, పెట్టినట్టే ఉన్నది, ఆ డబ్బా ఒక్కటే. అందులో ప్రతి గుప్పెడూ ఆమె చెయ్యి. దాన్ని గోనెపట్టా మీద పోసి రావడం ఆయన వల్ల కాలేదు. దేవుడి దగ్గర దొంగతనం చేస్తున్నానని తెలుసు. తెలిసే చేశాడు.

వంట నేర్పింది ఎదురు ఫ్లాటు సాలేహా. ఆమె భర్త షబ్బీర్‌కి ఆటోనగర్‌లో లారీ సీట్లు కుట్టే షాపుంది. మణెమ్మా సాలేహా పదేళ్ళుగా గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు. సంజీవరావు నోటుబుక్కు, పెన్ను పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడితే ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"అన్నంలో నీళ్ళెన్ని పొయ్యాలమ్మా?"

"వేలు ముంచి చూడండి అన్నయ్యగారూ. బియ్యం పైన ఒక కణుపు."

"ఎవరి వేలు?"

సాలేహా ఆలోచనలో పడింది. ఈ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. "వండేది మీరు కాబట్టి మీ వేలేనండీ" అంది చివరికి.

సంజీవరావుకి ఇది నచ్చలేదు. ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్లో ముప్ఫై ఏళ్ళు బాయిలరు మీటర్లు చూసి, ముల్లు ఎర్ర గీత దాటకుండా కాపలా కాసిన మనిషి. కణుపు, చిటికెడు, సరిపడా లాంటి మాటలతో నడిచే యంత్రాన్ని ఆయన ఎన్నడూ చూడలేదు. అయినా నేర్చుకున్నాడు. మొదటి వారం పప్పు చారులా వచ్చింది, వంకాయలు బొగ్గయ్యాయి. రెండో వారం ఎండురొయ్యల తలలు తీసి, వేయించి, కడగాలని తెలిసింది. అంతకుముందు కడక్కుండా వేసిన కూరలో ఇసుక నమిలాడు. మూడో వారం సాలేహా రుచి చూసి, "అచ్చం వదినగారిదే" అంది. మర్యాదకి అందో నిజంగానే అందో గానీ, ఆయన గబగబా తన ఫ్లాట్లోకి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఆ మూడు వారాలూ అన్నం వండిన ప్రతిసారీ రేకు డబ్బా వైపు చూశాడు. గుప్పెడు మాత్రం వెయ్యలేదు. ఆమె బియ్యంలో తన బియ్యం కలిసిపోతాయని.

కూటం రోజు వచ్చింది. పొద్దున్నే రైతుబజారుకి వెళ్ళి లేత వంకాయలు, దోసకాయలు తెచ్చాడు. ఇరవై మందికి లెక్క కట్టి సరిగ్గా మూడు కేజీల బియ్యం కొన్నాడు. సాలేహా తన పెద్ద గిన్నె ఇచ్చింది. బీరువా మీది అట్టపెట్టె దింపి మణెమ్మ స్టీలు పళ్ళేలు తుడిచాడు. ముప్ఫై పళ్ళేలు, ప్రతి అంచు మీదా చుక్కలు చుక్కలుగా చెక్కించిన 'మణెమ్మ'. ఐదింటికల్లా పప్పు, కూర, పచ్చడి సిద్ధం. పెరుగు తోడుకుంది. హాల్లో జంపఖానా పరిచి, నదివైపు కిటికీలు తీసి, ఉతికిన చొక్కా వేసుకుని, ఎదురు చూస్తూ కూర్చున్నాడు. ఎనిమిది నెలల్లో ఆ గంటన్నరే ఆయన సంతోషంగా ఉన్న సమయం.

పదహారు మంది వచ్చారు. పాస్టరు యేసుకుమార్, ఏంజెల్, దానమ్మ, మిగతావాళ్ళు. అందరూ "వందనాలండీ" అంటూ ఆయన చెయ్యి కాస్త ఎక్కువసేపే పట్టుకున్నారు. ప్రతి కుటుంబమూ ఏదో ఒక కవరు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆపిల్ పళ్ళు, బత్తాయిలు, ఒకరు బ్రెడ్డు కూడా తెచ్చారు. ఆస్పత్రిలో రోగిని చూడ్డానికి వచ్చినట్టుందేమిటి అనుకున్నాడు. మణెమ్మ కూటాలకి ఖాళీ చేతులతో, ఖాళీ కడుపులతో వచ్చేవాళ్ళు వీళ్ళే.

పాటలు మొదలయ్యాక వంటింట్లోకి వెళ్ళి ఎసరు పెట్టి బియ్యం పోశాడు. ముగింపు ప్రార్థనకి పొగలు కక్కే అన్నం సిద్ధంగా ఉండాలని ఆయన లెక్క. సరిగ్గా అప్పుడే యేసుకుమార్ పిలిచాడు. "సంజీవరావుగారూ, ఇంటి యజమాని వంటింట్లో ఉంటే ఎలాగండీ? ఇలా వచ్చి ముందు కూర్చోండి. మణెమ్మగారి గురించి రెండు మాటలు సాక్ష్యం చెప్పండి."

సంజీవరావు నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. రెండు మాటలే చెప్పి వచ్చేద్దామని లేచాడు. కానీ మొదలుపెట్టాక మాట ఆగలేదు. పెళ్ళైన కొత్తలో క్వార్టర్స్‌లో ఆమె తొలిసారి పాస్టరుగారిని భోజనానికి పిలిచిన సంగతి, ఇంట్లో రెండే పళ్ళేలుంటే పక్కింటివి అడిగి తెచ్చిన సంగతి, పిలవని మనిషి ఎవరైనా వస్తే ఆమె మొహం ఎలా వెలిగిపోయేదో, కూటం మర్నాడు నడుం నొప్పితో మూలుగుతూనే వచ్చే కూటానికి వంకాయలెన్ని కావాలో ఎలా లెక్క వేసేదో. ఎనిమిది నెలలుగా టీవీ ముందు మింగిన మాటలన్నీ వచ్చేశాయి. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి అద్దుకున్నారు. తర్వాత ఒకరు ప్రార్థన అందుకున్నారు. అందరూ కళ్ళు మూసుకున్నారు.

కళ్ళు మూసుకుంటారు గానీ ముక్కులు మూసుకోరు కదా. మాడు వాసన వంటింట్లోంచి వచ్చి హాలంతా పరుచుకుంది. ఎవరో దగ్గారు. సంజీవరావు ప్రార్థన మధ్యలోనే లేచి, పిల్లిలా అడుగులేసుకుంటూ వెళ్ళాడు.

గిన్నె అడుగున రెండంగుళాల మందాన నల్లటి అట్ట. పైన తెల్లగా ఉన్న మెతుకు నోట్లో వేసుకుని చూశాడు. పొగ రుచి. గిన్నె మొత్తం పోయింది. బియ్యం డబ్బా మూత తీశాడు. లెక్క ప్రకారం కొన్న మూడు కేజీలూ లెక్క ప్రకారమే అయిపోయాయి. కొట్టుకి వెళ్ళాలంటే ఆ ఫ్లాటుకి ఉన్నది ఒకటే గుమ్మం, హాల్లోంచే. పదహారు మంది మధ్యలోంచి సంచి పట్టుకుని నడవాలి. "ఏమైందంకుల్?" అంటారు. వెంటనే ఫోను తీసి బిర్యానీ చెప్పేస్తారు. "మేం ముందే అన్నాం కదండీ" అని అనరు. అనరు గానీ, ఇక ఏ జాబితాలోనూ ఆ ఇల్లు ఉండదు.

స్టవ్ కట్టేసి, గట్టుకి ఆనుకుని నిలబడ్డాడు. ఏడుపొచ్చింది. అరవై రెండేళ్ళ మనిషి, అన్నం మాడినందుకు. హాల్లో యేసుకుమార్ వాక్యం మొదలుపెట్టాడు. ఆయన మొదలుపెడితే నలభై నిమిషాలకి తగ్గదని సంఘమంతా గొణుక్కుంటుంది. ఆ రోజు మాత్రం సంజీవరావుకి ఆ నలభై నిమిషాలు దేవుడు ఇచ్చినట్టే అనిపించాయి.

రేకు డబ్బా ఎదురుగానే ఉంది.

కాసేపు దాని వైపు చూడకుండా ఉండటానికి ప్రయత్నించాడు. తర్వాత అందుకుని, మూత తీశాడు. ఎనిమిది నెలల్లో మూత తీయడం అదే మొదటిసారి. లోపల మణెమ్మ లేదు. ముక్కిపోయిన వాసన, బియ్యం మీద నల్లగా పాకుతున్న పురుగులు. ఆయన ఇంతకాలం ఆమె చెయ్యి అనుకుని దాచుకున్నది పురుగులకి పెట్టిన మేత. మరో నెల ఉంటే పిండే మిగిలేది.

"నన్ను క్షమించు" అన్నాడు. దేవుడితో అన్నాడో మణెమ్మతో అన్నాడో ఆయనకే తెలియదు. ఇద్దరికీ బాకీయే.

బియ్యం గిన్నెలో పోసి నీళ్ళు పోస్తే పురుగులు తేలాయి. వంచి, మళ్ళీ పోసి, మళ్ళీ వంచి, ఆరుసార్లు కడిగాడు. చేతికి తగిలిన ప్రతి రాయీ తీశాడు. ఈసారి వేలు ముంచలేదు. మణెమ్మ చేసినట్టే ఎక్కువ నీళ్ళలో ఉడికించి గంజి వార్చాలనుకున్నాడు. ఉడికినంతసేపూ పొయ్యి దగ్గరినుంచి కదల్లేదు. వార్చేటప్పుడు ఆవిరికి వేళ్ళు కాలాయి. మూత తీసి చూస్తే అన్నం పొడిపొడిగా, తెల్లగా, పూలలా విడిపోయి ఉంది. పాత బియ్యం కదా.

ఆయన హాల్లోకి వచ్చేసరికి ఆశీర్వాద ప్రార్థన అయిపోయింది. అందరూ లేచి నిలబడ్డారు. కూర్చోమనే లోపే ఏంజెల్ ఆయన దగ్గరికి వచ్చింది.

"వెళ్ళొస్తాం అంకుల్. చాలా బాగా జరిగింది."

"అదేంటమ్మా, భోజనం ఉందని చెప్పాను కదా."

ఏంజెల్ ఇబ్బందిగా పక్కనున్నవాళ్ళ వైపు చూసింది. "మేం ముందే అనుకున్నామండీ అంకుల్. మీరు ఒప్పుకోరని మీకు చెప్పలేదు. అందరం ఇళ్ళలో వండి పెట్టుకునే వచ్చాం. మిమ్మల్ని కష్టపెట్టకూడదని. పైగా ఇందాక... వాసన వచ్చింది. మీరేం ఫీలవ్వకండీ, ప్లీజ్. మీరు రెస్టు తీసుకోండి."

అప్పటికే ఐదారుగురు చెప్పులేసుకుని మెట్లు దిగిపోయారు. మిగిలినవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆయన భుజం తట్టి వెళుతున్నారు. సంజీవరావు ఆ గుమ్మం వైపు చూశాడు. ఇంకో రెండు నిమిషాల్లో అది మూసుకుంటుంది. తర్వాత తను, ముప్ఫై పళ్ళేలు, ఆపిల్ పళ్ళు. వంటింట్లో మణెమ్మ వండకుండా వదిలేసి వెళ్ళిన చివరి అన్నం.

ఆయన వెళ్ళి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు.

"ఎవరూ వెళ్ళొద్దు" అన్నాడు. గొంతు ఆయన అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. "నేను వండిన అన్నం మాడిపోయింది. నిజమే. లోపలున్న అన్నం నాది కాదు. మణెమ్మది. గుప్పెడు డబ్బాలో బియ్యం వండాను."

ఆ మాటకి అర్థం అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. దేవుడికని తీసిన గుప్పెడు ఇంట్లో వండుకోవడం వాళ్ళెవరూ ఊహించని పని. అందరి చూపూ దానమ్మ వైపు తిరిగింది. ఆమె గోడకి ఆనుకుని, లేవడానికి కర్ర వెతుక్కుంటోంది.

"తప్పేనండీ" అన్నాడు సంజీవరావు ఆమెతో. "తను బతికుండగా తీసుకెళ్ళమంటే సిగ్గుపడి తేలేదు. పోయాక ఇవ్వబుద్ధి కాక తేలేదు. పురుగు పట్టించాను. మీకు ఎనిమిది నెలలు అబద్ధం చెప్పాను. నన్ను తిట్టండి. కానీ తిని వెళ్ళండి. ఆవిడ వాళ్ళకీ వీళ్ళకీ పెట్టమని తీసిన బియ్యం. నేనొక్కణ్ణే తినలేను."

దానమ్మ కర్ర కోసం వెతకడం మానేసింది. ఆయన్ని పైనుంచి కిందికి ఒకసారి చూసింది.

"ఇన్నాళ్ళూ వచ్చే వారం, వచ్చే వారం అన్నావు" అంది. "ఇయ్యాల్టికి వచ్చిందన్నమాట ఆ వారం."

జంపఖానా మీద మళ్ళీ సర్దుకుని కూర్చుని, కొంగు ఒళ్ళో పరుచుకుంది.

"పళ్ళెం పెట్టు నాయనా. ఆకలవుతోంది."

ఇక నిలబడే ధైర్యం ఎవరికుంది? పదిమంది మిగిలారు, పదిమందీ కూర్చున్నారు. భోజన ప్రార్థన యేసుకుమార్ చేశాడు. ఆయన జీవితంలో అంత చిన్న ప్రార్థన అదేనేమో. ఆమేన్ అనగానే ఆ పాస్టరే లేచి, గట్టు మీది స్టీలు జగ్గు అందుకుని "నీళ్ళు, నీళ్ళు" అంటూ వరసలో తిరగడం మొదలుపెట్టాడు. సంజీవరావు గిన్నె చంకన పెట్టుకుని వడ్డించాడు. కూరలో ఉప్పు కాస్త తక్కువైంది. ఎవరూ చెప్పలేదు. దానమ్మ మాత్రం "ఉప్పు తే" అంది. ఏంజెల్ తల వంచుకుని తింది, రెండోసారి అన్నం అడిగి పెట్టించుకుంది. ఇంట్లో వండి పెట్టుకుని వచ్చిన మనిషి. పెరుగు దగ్గరికి వచ్చేసరికి ఆమె కళ్ళ నీళ్ళు పళ్ళెంలో పడుతున్నాయి.

"జూలై మొదటి శుక్రవారం మీ ఇల్లే అంకుల్" అంది చెయ్యి కడుక్కుంటూ.

ఆయన కోరుకున్నది అదే. తల ఊపాడు.

అందరూ వెళుతుండగా దానమ్మ గుమ్మంలో ఆగింది. "నువ్వు తిన్నావా సంజీవీ?"

"తింటానండీ. మీరు పదండి" అన్నాడు.

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ అదెవరి మాటో తెలియలేదు. ముప్ఫై నాలుగేళ్ళు, ప్రతి కూటం తర్వాతా, ఎవరో ఒకరు మణెమ్మని ఆ ప్రశ్న అడిగేవాళ్ళు. ఆమె అచ్చం అలాగే, ఆ గొంతుతోనే, "తింటానండీ, మీరు పదండి" అనేది. అడిగిన ఆ ఎవరో ఒకరిలో తను ఎప్పుడూ లేడు. తను మగవాళ్ళ పంక్తిలో తినేసి, జగ్గు కడిగి పెట్టి, పడక్కుర్చీలో నడుం వాల్చేవాడు.

తలుపు మూశాడు. మెట్ల మీద మాటలు కిందికి దిగి, వీధిలో కలిసి, ఆగిపోయాయి. జాబితాలో పేరు పడ్డాక ఇల్లు వేరేలా ఉంటుందనుకున్నాడు. అలాగే ఉంది. టీవీ పెట్టలేదు.

వంటింట్లోకి వెళ్ళి గిన్నెలో చూశాడు. మణెమ్మ అన్నం ఒక్క మెతుకు లేకుండా అయిపోయింది. ఉన్నదల్లా మాడిన గిన్నె. గరిటెతో పైపైన గీకి, అడుగున మిగిలిన పప్పు కలుపుకుని, గట్టు దగ్గర నిలబడే తిన్నాడు. చేదుగా, పొగ వాసనగా ఉంది. ఇరవై మందికి వండిన రాత్రుళ్ళు ఆమె ఈ గట్టు దగ్గర ఏం తిన్నదో, అసలు తిన్నదో లేదో, ఆయనకి తెలియదు. ఎప్పుడూ వచ్చి చూడలేదు. ఇక అడగడానికి మనిషి లేదు. నోట్లో ముద్ద పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

శనివారం మధ్యాహ్నం ఆయన వీధి మలుపు దాకా వెళ్ళి, కర్రీ పాయింటు ముందు ఆగకుండా, కొట్లో ఐదు కేజీల బియ్యం కొనుక్కుని వచ్చాడు. గ్లాసుతో కొలిచి గిన్నెలో పోశాడు. ఒక్కడికి ఒక గ్లాసు. రేకు డబ్బా కడిగి, ఎండబెట్టి, అరలోనే పెట్టి ఉంది. కొలిచిన బియ్యంలోంచి ఒక గుప్పెడు తీసి అందులో వేశాడు. ఖాళీ డబ్బా అడుగున గింజలు పడిన చప్పుడుకి ఆయనే ఉలిక్కిపడ్డాడు. ఇంట్లో రోజూ రెండుపూటలా అయిన చప్పుడు అది. వినడం మాత్రం అదే మొదటిసారి.

గిన్నెలో చూస్తే సగమే మిగిలాయి. ఆయన చెయ్యి మణెమ్మ చెయ్యి కంటే పెద్దది, కొలిచిందేమో ఒక్కడికి. ఇంకాస్త పోసుకుందామా అని గ్లాసు పట్టుకుని, వద్దులే అని కింద పెట్టాడు. సాయంత్రం ఇంకో గుప్పెడు, రేపు పొద్దున ఇంకోటి. రేపు ఆదివారం. మూడు గుప్పెళ్ళ సంచి పట్టుకుని ఆడవాళ్ళ వరసలో నిలబడాలి. దానమ్మ నలుగురిలో ఏదో ఒకటి అనకుండా ఉండదు.

మిగిలిన బియ్యం కడిగి, నీళ్ళు పోసి, వేలు ముంచి చూసుకున్నాడు.